దిమ్మ మీద ఎనభై

ముప్పై నాలుగేళ్లు నేను కాంక్రీటును కొట్టి బతికాను. దాన్ని పగలగొట్టకుండా, దానికి నొప్పి తెలియకుండా కొట్టి, లోపల ఎంత బలం ఉందో కాగితం మీద రాసివ్వడం నా ఉద్యోగం. ఇళ్లు, బడులు, నీళ్ల ట్యాంకులు, వంతెనలు... బళ్లారి చుట్టుపక్కల నేను చెయ్యి వేయని స్తంభాలు తక్కువే. చేతిలో సుత్తితో తిరుగుతానని ఊళ్లలో నన్ను సుత్తక్క అనేవాళ్లు. మొదట్లో మండిపడేదాన్ని. తర్వాత ఎవరైనా సరోజా అని అసలు పేరుతో పిలిస్తే నేనే వెనక్కి తిరిగి చూడ్డం మానేశాను.

ఈమధ్య మా ల్యాబ్‌లో కొత్తగా చేరిన ఇద్దరమ్మాయిలు ఇంటికొచ్చి, మీ అనుభవాలు చెప్పండి మేడమ్ అన్నారు. ప్రమోషన్ల గురించి చెబుదామంటే నాకు వచ్చినవి రెండే, ఆ రెండూ జుట్టు నెరిశాక వచ్చాయి. పరీక్షలు ఎలా చేయాలో పుస్తకాల్లో ఉంది. నేను చేసిన తప్పు మాత్రం ఏ పుస్తకంలోనూ లేదు. అది చెప్పాను. ఇంకా చాలామంది ఈ పనిలోకి వస్తారు కదా, రాసిపెడితే మంచిదనిపించింది.

సుత్తి, దాని సాక్షి

మా సుత్తి మీరనుకునే సుత్తి కాదు. చేతిలో ఇమిడే గొట్టం. లోపల ఒక స్ప్రింగు, ఒక ఇనుప బరువు, ఆ బరువు జారడానికి సన్నటి కడ్డీ ఉంటాయి. గొట్టం మూతిని స్తంభానికి ఆనించి నొక్కితే, లోపలి బరువు టక్కున కొట్టి వెనక్కి ఎగురుతుంది. ఎంత ఎగిరిందో పక్కన గీతల మీద అంకె కనిపిస్తుంది. గట్టి కాంక్రీటు మీద ఎక్కువ ఎగురుతుంది, బలహీనమైన దాని మీద తక్కువ.

మరి సుత్తికే ఒంట్లో బాగాలేకపోతే ఎలా తెలుస్తుంది? అందుకే దానికి తోడుగా ఒక ఉక్కు దిమ్మ ఉంటుంది. దిమ్మ మీద కొడితే మా సుత్తి ఎనభై చూపించాలి. ఒకటి రెండు అటూ ఇటూ అయితే ఫరవాలేదు. అంతకు మించి తేడా ఉంటే సుత్తిని పక్కన పెట్టేయాలి. పనికి వెళ్లేముందు ఒకసారి, తిరిగొచ్చాక ఒకసారి దిమ్మ మీద కొట్టి చూసుకోవాలి. ఇంతకంటే తేలికైన నియమం మా వృత్తిలో ఇంకోటి లేదు. ఒకే ఒక చిక్కు, ఆ దిమ్మ పదహారు కిలోలు.

మా ల్యాబ్ పెద్ద ఈరణ్ణ సార్‌ది కన్నడం ఇల్లు. మాతో తెలుగే మాట్లాడేవారు, మధ్యలో కన్నడం దానంతటదే వచ్చి కూర్చునేది. పొద్దున నమస్కారం పెడితే తిరిగి నమస్కారం పెట్టేవారు కాదు. "దిమ్మ మీద కొట్టినావేనమ్మా?" అనేవారు. కొట్టినాను సార్ అంటే తల ఊపి లోపలికి వెళ్లిపోయేవారు. ఇరవై ఏళ్లు ఇదే మా పలకరింపు.

దిమ్మను మోసేది తిప్పన్న. మా అటెండరు, మోక ఊరివాడు, నాకంటే పదేళ్లు పెద్ద. గోనెసంచిలో దిమ్మను చుట్టి భుజానికెత్తుకుని బస్సెక్కేవాడు. పక్కసీటువాళ్లు "ఏందప్పా మూటలో, బంగారమా?" అంటే "మా మేడమ్‌కి సాక్షి అప్పా, ఈయప్ప లేనిది మా మేడమ్ మాట చెల్లదు" అనేవాడు. అది వేళాకోళం అనుకుని నవ్వేదాన్ని.

ఊడ్చేవాళ్లను అడగండి

అసలు సంగతికి ముందు చిన్నమాట. ఒకసారి మోకలో తిప్పన్న బంధువుల ఇల్లు చూడ్డానికి వెళ్లాను. స్తంభాలు పగుళ్లిచ్చాయని వాళ్లే పిలిచారు. తీరా వెళ్తే ఒక్క పగులు లేదు. గోడలు తళతళలాడుతున్నాయి, గుమ్మంలో ముగ్గు. ఆఫీసరమ్మ వస్తోందని ముందురోజే పగుళ్లన్నిటికీ సిమెంటు పూసి, సున్నం కొట్టి, నీళ్లతో కడిగేశారు. "ఇంటికి వచ్చేవాళ్ల ముందర పగుళ్లు పెట్టుకుని కూసుంటామా అక్కా?" అంది ఆ ఇంటి పెద్దకోడలు. కోప్పడటానికి నోరు రాలేదు. మజ్జిగ తాగి, ఆమె చీపురు పట్టుకుని ఊడుస్తుంటే వెంట తిరిగి ఎక్కడెక్కడ పగిలిందో ఆమెచేతే సుద్దముక్కతో గీయించాను. అన్నీ గుర్తున్నాయి ఆమెకు, ఒక్కటీ తప్పిపోలేదు.

ఇంటి సంగతి యజమానికంటే ఊడ్చేవాళ్లకు బాగా తెలుస్తుందని ఆరోజు నేర్చుకున్నాను. నేర్చుకున్నది అవసరమైనప్పుడు గుర్తుకు రావాలి కదా. అక్కడే వస్తుంది తంటా.

దసరా తర్వాత

మా ల్యాబ్‌లో ఆయుధపూజ ఘనంగా చేసేవాళ్లం. పరికరాలన్నీ బల్ల మీద వరసగా పెట్టి, పసుపు కుంకుమలు పెట్టి, బంతిపూలు వేసి, గుమ్మడికాయ కొట్టి, చివర బొరుగుల మండక్కి, మిర్చి బజ్జీలు. ఆ ఏడు సుత్తికి బొట్టు పెట్టింది నేనే. తళతళా మెరుస్తోందని మురిసిపోయాను కూడా.

సెలవులయ్యాక మొదటి పనే యశ్వంతనగర్ వైపు ఒక ఆడపిల్లల హాస్టలు. గనుల్లో పనిచేసేవాళ్ల పిల్లలు, చుట్టుపక్కల పల్లెల పిల్లలు నలభైముగ్గురు అక్కడ ఉండి చదువుకుంటున్నారు. భోజనాల గదిలో పైకప్పు నుంచి పెచ్చు ఊడి ఒక పిల్ల పళ్లెంలో పడిందట. దెబ్బ తగల్లేదు, పిల్ల బెదిరిపోయింది. కట్టడం ఉంచాలా ఖాళీ చేయాలా చెప్పమని పైవాళ్లు మాకు రాశారు.

ఆ పొద్దున తిప్పన్నకు నడుం పట్టేసింది. దిమ్మ దగ్గరికి వంగబోయి "అబ్బా" అన్నాడు. "ఈరోజుకు వద్దులే తిప్పన్నా, అక్కడే ఉండనీ" అన్నాను. పోనీ అక్కడే ఒక దెబ్బ కొట్టి చూసి బయల్దేరవచ్చు, అర నిమిషం పని. బయట జీపు హారన్ మోగుతోంది. వచ్చాక చూసుకోవచ్చులే అనుకున్నాను.

హాస్టలు వార్డెన్ గంగమ్మ పొట్టిగా, చురుగ్గా ఉండే మనిషి. వార్డెనే గానీ చీపురు తనే పట్టేది. నేను ఒక్కో స్తంభం దగ్గర సిమెంటు పూత గీకి, సానరాయితో నున్నగా రుద్ది, సుత్తి ఆనించి కొడుతున్నాను. ముప్పై అయిదు దాకా రావలసిన చోట ఇరవై నాలుగు, ఇరవై ఆరు వస్తున్నాయి. దూలాలూ అంతే.

గంగమ్మ వెనకే ఉంది. "మేడమ్, పన్నెండు వానాకాలాలు చూసినా ఈడ. పై బాత్రూము కింద, పెచ్చు ఊడిన ఆ మూల ఒక్కటే కారుతాది. కడమదంతా రాయి మాదిరి ఉండాది" అంది.

ఊడ్చే మనిషి చెబుతోంది. నేను వినలేదు. చేతిలో అంకెలున్నాయి కదా!

ఈరణ్ణ సార్ అప్పుడు హొసపేట దగ్గర ఒక వంతెన పనిలో ఉన్నారు. కాంక్రీటులోకి శబ్దం పంపి, అవతలికి ఎంతసేపట్లో చేరిందో కొలిచే మిషన్ మాకు ఒకటే, అది ఆయన దగ్గరుంది. సుత్తి ఒక్కదాన్నే నమ్మి తీర్పు చెప్పకూడదు. అందుకే ఫోన్ చేసి అంకెలు చదివాను.

"దిమ్మ మీద కొట్టినావేనమ్మా?"

"కొట్టినాను సార్."

ఇరవై ఏళ్లుగా పొద్దున్నే చెబుతున్న మాట, నోరు తనంతట తనే అనేసింది. వెంటనే దిద్దుకోవచ్చు. దిద్దుకోలేదు. చిన్నపిల్లలా చీవాట్లు తినాలనిపించలేదు, అంతే.

"అట్లయితే ఆలోచించేది బేడ, వద్దు. పిల్లల్ని ఈ పొద్దే ఖాళీ చేయించు. నేను మిషన్ తీసుకుని రెండు దినాల్లో వస్తా" అన్నారు సార్.

గంగమ్మతో చెప్పాను. ఆమె నా చెయ్యి పట్టుకుంది. "రెండు దినాలంటే సరి. గానీ ఊరికి పోయిన పిల్ల మళ్లీ వస్తాదని నమ్మకం లేదు మేడమ్. మొన్న దసరాకి పంపితేనే ముగ్గుర్ని నేనే ఇండ్లకి పోయి పిల్చుకొచ్చినా. ఒక్కసారి పనిలోకి పెడితే చదువు ఆయ్తు, ముగిసిపాయె."

"పైకప్పు పడితేనో గంగమ్మా?" అన్నాను.

ఆమె నా చెయ్యి వదిలి, పిల్లల్ని పిలవడానికి లోపలికి వెళ్లింది. మధ్యాహ్నానికి పిల్లలు ట్రంకుపెట్టెలు మోసుకుంటూ బయటికొచ్చారు. రేణుక అని తొమ్మిదో తరగతి పిల్ల, చోరనూరు నుంచి వచ్చి చదువుకునేది. నేను గీకిన స్తంభం దగ్గర ఆగి, ఆ మచ్చ మీద అరచెయ్యి పెట్టి, "మేడమ్, దీనికి ఏమాయె? బాగుండె కదా?" అని అడిగింది. ఏదో చెప్పాను. ఏం చెప్పానో గుర్తులేదు గానీ ఆ అరచెయ్యి గుర్తుంది.

ఆముదం

సాయంత్రం ల్యాబ్‌కు రాగానే చెప్పులు కూడా విప్పకుండా దిమ్మ దగ్గరికి వెళ్లి కొట్టాను. అరవై ఎనిమిది. మళ్లీ కొట్టాను. అరవై తొమ్మిది. పదిసార్లు కొట్టాను, డెబ్బై దాటలేదు.

సుత్తి వెనక మూత విప్పితే లోపలి కడ్డీ నిండా జిగురు. దాని మీద ఖనిజం ధూళి, ఎర్రగా, పిండి అంటుకున్నట్టు. ఆ కడ్డీకి నూనె చుక్క తగలకూడదు, పొడిగా ఉంటేనే బరువు సాఫీగా జారుతుంది. వాసన చూశాను. ఆముదం.

"తిప్పన్నా, దీంట్లో ఆముదం పోసినావా?"

తిప్పన్న ముఖం వెలిగిపోయింది. అది నేను ఎప్పటికీ మరిచిపోలేను. "పోసినా మేడమ్. పూజకి ముందర దినం. లోపల కిర్రుకిర్రుమంటాండె. మా నాయన బండి ఇరుసుకి ఆముదమే పోస్తాండె. ఎద్దులకి సులువు, బండికి ఆయుస్సు. నీకు చెయ్యి నొప్పి పుట్టకుండా సులువుగా ఉంటాదని పోసినా."

ఆ వెలుగు ఆరిపోవడం కూడా చూశాను. విషయం చెప్పాక గోడకు ఆనుకుని కింద కూర్చుండిపోయాడు. "నలభైముగ్గురు ఆడబిడ్డల్ని నేను ఎల్లగొట్టినానా మేడమ్?" అని తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

కొత్తగా వచ్చేవాళ్లకు ఇక్కడ గట్టిగా ఒక మాట చెబుతాను. తిప్పన్న చేసింది ప్రేమతో చేసిన పొరపాటు. నేను చేసింది బద్ధకం, ఆపైన అబద్ధం. ఈ రెంటినీ ఒకే తక్కెడలో పెట్టకండి. అనుమానం ఉన్న కట్టడాన్ని ఖాళీ చేయించడం తప్పు కాదు. కానీ ఆ అనుమానం కాంక్రీటు మీద కాకుండా నా సుత్తి మీద ఉండవలసింది. ఆలస్యం అమృతం విషం అంటారు. ఆ సామెత మన పనికి పనికిరాదు.

ఈరణ్ణ సార్‌కు ఫోన్ చేయడానికి మూడుసార్లు నంబరు నొక్కి మూడుసార్లు ఆపేశాను. చివరికి చెప్పేశాను, అబద్ధంతో సహా. లోపల నూనె పడింది సార్ అన్నాను, ఎవరు పోశారో చెప్పలేదు.

"ఎవరు పోసినారని నేను అడగను. ఎవరు చూడలేదో అది అడిగినా" అన్నారు. "రేపే వస్తా. మిషన్ తెస్తా, ఇంకో సుత్తి అడిగి తెస్తా. దిమ్మ బయట పెట్టు. మోయనీకి నేనుండా."

అరవై దగ్గరపడిన మనిషి. మరునాడు నిజంగానే తన భుజం మీద మోసుకొచ్చి హాస్టలు వరండాలో దింపారు. నేను అందుకోబోతే ఇవ్వలేదు. ఆ తర్వాత ఎన్నడూ ఆ విషయం ఎత్తలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

రోజంతా పరీక్షించాం. కొత్త సుత్తిని దిమ్మ మీద చూసుకుని ప్రతి స్తంభం మళ్లీ కొట్టాను. మిషన్‌తో శబ్దం పంపాం. శబ్దం ఎక్కడా తడబడకుండా అవతలికి దాటింది. కట్టడం రాయిలా ఉంది. బాత్రూము కింద ఆ మూల ఒక్కచోటే నీరు దిగి లోపలి కడ్డీలు తుప్పుపట్టాయి. ఆ గది మూసి బాగుచేస్తే చాలు. గంగమ్మ చెప్పింది చెప్పినట్టే ఉంది.

చోరనూరు

గంగమ్మ ఫోన్లు చేసింది, తిరిగింది, బతిమాలింది. వారం తిరిగేసరికి నలభైరెండుమంది వచ్చారు. రేణుక రాలేదు. వాళ్ల నాయన ఫోన్ ఎత్తడం లేదు.

నేను వెళ్తానన్నాను. గంగమ్మా నేనూ జీపెక్కేసరికి తిప్పన్న వెనకసీట్లో కూర్చుని ఉన్నాడు. ఒళ్లో గోనెసంచి. "నీ నడుం?" అంటే "ఉండాది లే" అన్నాడు.

రేణుక నాయన హనుమంతప్ప గనిలో రాయి కొట్టే మనిషి. మేం వెళ్లేసరికి ఇంటి ముందు కూర్చుని గడ్డపార మొన చూసుకుంటున్నాడు. రేణుక పత్తి తీయడానికి పోయిందన్నాడు. నేను జరిగింది చెప్పాను. అంతా విని, చాలా మెల్లగా అడిగాడు.

"ఆ పొద్దు పడతాదంటివి. ఈ పొద్దు పడదంటాండావు. నాకుండేది ఒక్క బిడ్డ. ఏది నమ్మల్ల అక్కా నేను?"

ముప్పై నాలుగేళ్లలో నన్ను ఇంజనీర్లు, కాంట్రాక్టర్లు, కోర్టులో వకీళ్లు ఎన్నో ప్రశ్నలు అడిగారు. ఇంత న్యాయమైన ప్రశ్న ఎవరూ అడగలేదు.

తిప్పన్న ముందుకొచ్చాడు. "తప్పు మేడమ్‌ది కాదప్పా. సుత్తిలో ఆముదం పోసింది నేను."

"చూసుకోకుండా కొట్టింది నేను" అన్నాను. "ఆయప్ప మాట పట్టించుకోవద్దు."

"నేను పోయకపోతే నువ్వెందుకు..."

"నువ్వు ఊరుకో తిప్పన్నా!"

హనుమంతప్ప మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, ఉన్నట్టుండి నవ్వాడు. "తప్పు నీదంటే నీదని కొట్లాడేది చూసినా. నాదంటే నాదని కొట్లాడేది ఈ పొద్దే చూస్తాండా." ఆ తర్వాత నవ్వు ఆపి, "మేము గనిలో రాయి కింద నిలబడే ముందర గడ్డపారతో తట్టి వింటాము. గట్టి రాయి ఖంగుమంటాది. వదులు రాయి బొద్దుమంటాది. అట్ల తట్టకుండా నిలబడి నా జతగాడొకడు పాయె. రేపు వస్తా. నేను తట్టుకుంటా. ఆమేల చూద్దాం" అన్నాడు.

వచ్చాడు. భుజాన గడ్డపార, వెనక రేణుక. ఒక్క స్తంభం వదల్లేదు. గడ్డపార మొద్దువైపు తిప్పి మెల్లగా తట్టడం, కళ్లు మూసుకుని వినడం. స్టూలెక్కి దూలాలు తట్టాడు. తిప్పన్న కింద స్టూలు పట్టుకుని నిలబడ్డాడు. నేను నా కాగితాలు మూసేసి వెంట నడిచాను. మా చదువులన్నిటికీ ముందు పుట్టిన పరీక్ష అది. అది తెలిసిన మనిషి వెనక నడవడం నాకేమీ నామోషీ అనిపించలేదు.

పడుకునే హాల్లో ఒకచోట దూలం బొద్దుమంది. అక్కడ నేను సుత్తి పెట్టలేదు. గీకి చూస్తే పైపూత ఒక్కటే ఉబ్బింది, లోపల గట్టిగానే ఉంది. అయినా నా రిపోర్టులో ఆ చోటు కూడా చేర్చాను.

హనుమంతప్ప దిగొచ్చి, ఆ దూలం కిందున్న రేణుక ట్రంకుపెట్టెను తనే జరిపాడు. మూడడుగులు. అక్కడ పైకి చూసి, ఇంకోసారి తట్టి విని, "ఈడ పండుకో తల్లీ" అన్నాడు రేణుకతో.

బయటికొచ్చాక చెప్పులు తొడుక్కుంటూ నాతో అన్నాడు: "మిషన్ చెప్పిందని ఇడిసిపోయేది కాదు అక్కా. తప్పాయె అని చెప్పనీకి మా ఊరు దాకా వచ్చినారు కదా, దానికి ఇడిసిపోతాండా."

రేణుక స్తంభం మీది మచ్చను మళ్లీ అరచేత్తో తడుముతోంది. నేను ఆ పిల్లను దగ్గరికి తీసుకుని ఏడ్చాను. గంగమ్మ చూసి ఇంకోవైపు తిరిగింది.

చివరి రోజు

నేను రిటైరయ్యేనాటికి ఈరణ్ణ సార్ ఈ లోకంలో లేరు. తిప్పన్న అప్పటికే మోకలో ఇంటిపట్టున ఉంటున్నాడు. కర్ర పట్టుకుని, మనవడి బండి మీద వచ్చాడు. ల్యాబ్‌లో కొత్తగా చేరిన పిల్లలు పరికరాలన్నీ బల్ల మీద పేర్చి, పూలు పెట్టి, ఆయుధపూజలా సందడి చేశారు.

కుంకుమ భరిణె తిప్పన్న చేతికిచ్చాను. దిమ్మకు పెట్టాడు. మిషన్‌కు పెట్టాడు. సుత్తి దాకా వచ్చి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. అప్పుడు గుర్తొచ్చింది. ఆ హాస్టలు తర్వాత ఏ దసరాకీ ఆయన సుత్తిని తాకలేదు. నేను గమనించనే లేదు. స్తంభంలో వెంట్రుకంత పగులు కనిపెట్టే కళ్లు, పక్కనున్న మనిషిలో అంత పగులును ఇన్నేళ్లు చూడలేదు.

"దానికొద్దులే మేడమ్" అన్నాడు.

ఆయన చెయ్యి పట్టుకుని సుత్తి మీదికి తెచ్చాను. "బయట పెట్టు తిప్పన్నా. లోపలే వద్దు, బయట ఎంతైనా పెట్టొచ్చు."

బొట్టు కొంచెం వంకరగా పడింది. తువ్వాలు తీసి కళ్లు తుడుచుకుని, సుత్తిని నా చేతికిచ్చి, దిమ్మను తన రెండు చేతులతో అదిమి పట్టుకున్నాడు.

"కొట్టు మేడమ్, సార్ అడుగుతాడు" అన్నాడు.

కొట్టాను. ఎనభై వచ్చింది.